దారం ఆగిన పేజీ

విదేశాలకు వెళ్లినప్పుడు నేనేం చదువుతానో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. సభల్లో అడిగితే అక్కడి రచయితల పేర్లు నాలుగు చెప్పి తప్పించుకుంటాను. నిజానికి నా పెట్టెలో ఉండేది ఆదోని పాత పుస్తకాల కొట్టులో కొన్న తెలుగు నవల. అదీ ఎమ్మిగనూరు నేతగాడు ఈరన్న చదివి అమ్మేసినదే కావాలి. ఆయన్ని నేను మొన్నటిదాకా చూడలేదు, కొట్టువాడు చెప్పగా తెలుసు. చదవడం ఆపిన చోటల్లా ఆ రోజు నేస్తున్న రంగు దారం ముక్క పెడతాడు, మళ్లీ తీయడు. హోటల్ గదిలో నేనూ రోజుకు ఒక దారం దాకా చదివి మూసేస్తాను. ఊరుకాని ఊళ్లో అదొక తోడు.

వచ్చే నెల ఒక విదేశీ సభలో నేతగాళ్ల మీద నేను రాసిన నవల గురించి మాట్లాడాలి. దారికి పుస్తకం కోసం పొద్దున్నే ఆదోనిలో దిగి, స్టేషన్ నుంచి షేర్ ఆటోలో కొట్టుకు వెళ్లాను.

"అక్కా, ఈసారి నీ బుక్కే వచ్చినాది" అన్నాడు కొట్టు ఖాసిం.

నా నవలే! సంబరంగా తిరగేశాను. ఎరుపు దారం, పచ్చది, సగం దగ్గర తెల్లది. ఆ తర్వాత ఒక్కటీ లేదు. పూర్తి చేయకుండానే అమ్మేశాడు. నాకు ఒళ్లు మండింది.

"ఈరన్నకు నచ్చలేదటనా?" అని అడిగాను.

"నన్నడిగితే ఏం తెలుస్తాది? బస్సెక్కితే గంటలో పోతావు, ఆయన్నే అడుగు."

వెళ్లాను. యాభై రూపాయలకు మించని టికెట్టు, కిటికీ పక్కన సీటు, దారి పొడుగునా పత్తి చేలు. నా మనసులో మాత్రం ఒకటే ప్రశ్న, నా పుస్తకంలో ఏం తక్కువైందని.

ఖాసిం చెప్పిన గుర్తులతో ఇల్లు పట్టుకున్నాను. ఈరన్న చేతుల నిండా పత్తికాయలు గీరిన గాట్లు. ముందు గదిలో, నేసేటప్పుడు కాళ్లు దించి కూర్చునే మగ్గం గుంతను మట్టితో పూడ్చి, దాని మీద మంచం వేశారు. నన్ను దాని మీదే కూర్చోబెట్టాడు.

"ఈ నవల రాసింది నేనే. సగంలో ఎందుకు ఆపేశారు?"

"మగ్గం అమ్మేస్తిమమ్మా. ఇప్పుడు పత్తి ఏరేకి నందవరం పక్కకు పోతాండాను."

"మగ్గం లేకపోతే చదవకూడదా?" అన్నాను విసుగ్గా.

ఆయన నేను కూర్చున్న మంచం కింది నేలను చూపించాడు. "నీ బుక్కులో మగ్గం ఆడతానే ఉందమ్మా. ఈ ఇంట్లో కూసోని ఆ సప్పుడు సదవలేకపోతిని. అందుకే ఇచ్చేస్తిని."

ఆయన భార్య ఇచ్చిన నీళ్లు తాగి లేచాను. తిరుగు బస్సులో నా మీద నాకే అసహ్యం వేసింది. మగ్గం పోగొట్టుకున్న మనిషి ఇంటికి నా నవల బాగుందా అని అడగడానికి వెళ్లాను. వచ్చే నెల పరదేశంలో మగ్గం చప్పుడు గురించి చెబుతాను, వాళ్లు చప్పట్లు కొడతారు, నేను నవ్వుతూ దండం పెడతాను. ఈసారి పెట్టెలో ఏ పుస్తకమూ పెట్టుకోను.

మగ్గాలు చూడటానికి వెళ్లేవాళ్లకు ఒక మాట. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు పగలంతా బస్సులున్నాయి. దిగగానే ఎవరింట్లో ఇంకా మగ్గం ఆడుతోందో టీ కొట్టులో అడిగి మరీ వెళ్లండి. లేకపోతే నాలాగే, పూడ్చిన గుంత మీది మంచంపై కూర్చుని మగ్గం కథ గురించి అడుగుతారు.