అక్క పట్టేంత లెన్సు

వీధిలో అతన్ని సొంత పేరుతో పిలిచేవాళ్లు లేరు. "గడ్డంపైకి" అంటే చాలు, చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపించేవారు. గుర్తింపు కార్డుల ఫోటోలు తీసే చిన్న స్టూడియో అతనిది. స్టూలు మీద కూర్చున్నవాడు జడ్జీ అయినా జట్కావాడైనా "గడ్డం కొంచెం పైకి" అనాల్సిందే. చివరికి ఆ మాటే పేరై కూర్చుంది.

రోజంతా మెడ దాకా మనుషుల్ని తీసేవాడికి ఇంటికొస్తే ఇంకో తిప్పలు. ఇల్లంటే ఒక ముందుగది, ఒక వంటగది, అంతే. ముందుగదిలో ఒక వారగా మంచం, ఇంకో మూల అక్క కుట్టుమిషను. గుమ్మానికి వీపు ఆనించి తీసినా, నాన్న వదిలిపోయిన పాత రేంజ్‌ఫైండర్ కెమెరాలో మంచం మీది భార్యాపిల్లలే పట్టేవారు. "నన్నొదిలెయ్‌రా, నేను పట్టన్లే" అని అక్కే ముందుగా తప్పుకునేది. అమ్మ పోయాక అతన్ని పెంచింది ఆవిడ. ఆ మిషను తొక్కే చదివించింది, ఆ మిషను తొక్కే స్టూడియో పెట్టించింది. ఇంట్లో ఆల్బం తిరగేస్తే మాత్రం ఆవిడ ఉన్న జాడే లేదు. ఇదేం న్యాయమండీ!

అలాంటి అక్కకి యాభై దాటాక పెళ్లి కుదిరింది. వరుడు బజార్లో బొత్తాల కొట్టాయన, భార్య పోయి ఒంటరిగా ఉంటున్నాడు. "బొత్తాల కోసం వెళ్లి వదిన బొత్తాలాయన్నే పట్టుకొచ్చింది" అని భార్య మేలమాడితే తమ్ముడూ నవ్వాడు. నవ్వాడే గానీ ఆ పూట అన్నం సయించలేదు. పెళ్లయితే ఆ మిషను ఆ మూల ఉండదు, పొద్దున్నే దాని చప్పుడుకి మెలకువ రాదు. ఒక్క ఫోటో కావాలనిపించింది. ఆ గదిలో, ఆ మూలతో సహా, అందరితోపాటు అక్క.

కెమెరాలు బాగుచేసే ముసలాయన కొట్లో, అద్దాల బీరువాలో ఒక పాత వైడ్ లెన్సు ఉంది. అటూ ఇటూ వెడల్పుగా పట్టే రకం. నల్లరంగు పెచ్చులూడి కింద ఇత్తడి కనిపిస్తుంది. ఏళ్ల తరబడి అతను దాని కోసమే ఆ దారిన వెళ్లి, అడిగి తీయించుకుని, వెలుతురుకి పట్టి చూసి, ఉసూరుమంటూ తిరిగిచ్చి వచ్చేవాడు.

"ఇకమీదట చూడ్డానికి టికెట్టు పెడతానయ్యా" అన్నాడు ముసలాయన.

"ఈసారి చూడ్డానికి రాలేదండీ." స్టూడియోలోని రెండు పెద్ద లైట్లలో ఒకటి మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు.

ముసలాయన లైటు వంకా, అతని మొహం వంకా చూసి, లెన్సు తీసి చేతిలో పెట్టాడు. "ఒక్క సంగతి. నీ కెమెరాలో నువ్వు చూసేది లెన్సులోంచి కాదు, పైనున్న చిన్న కిటికీలోంచి. అది పాత లెన్సుకి కొలిచి పెట్టింది. దీనికి వేరే కిటికీ ఉండేది, ఎప్పుడో పోయింది. నీకు కనబడేదానికన్నా ఇది ఎక్కువ చూస్తుంది. కంటిని నమ్మకు."

"ఆమాత్రం నాకు తెలీదాండీ!" అన్నాడు. తెలుసు. తెలిసి ఏం లాభం?

లెన్సు పరీక్ష అంటూ రీలంతా వీధి మీద తగలేసి ఒక్క ఫోటోకి మిగుల్చుకున్నాడు, తెలివిగలవాడు! పెళ్లి రోజు పొద్దున అక్క మిషను ముందు కూర్చుని తన పెళ్లి బట్టలకి ఆఖరి కుట్లు వేసుకుంటోంది. ముందే చెబితే వంటింట్లోకి పారిపోతుందని అతను చెప్పలేదు. ఉన్నది ఉన్నట్టే తీసేద్దామనుకున్నాడు. భార్యాపిల్లలు మంచం మీద సర్దుకున్నారు. గుమ్మంలో నిలబడి ఆ చిన్న కిటికీకి కన్ను ఆనించాడో లేదో, ఎన్నేళ్ల అలవాటో నెత్తికెక్కి కూర్చుంది. అంచున ఎవరిదో మోచెయ్యి అడ్డం కనబడింది.

"అక్కా, మోచెయ్యి అడ్డొస్తోంది. కొంచెం పక్కకి జరుగు."

"ఆగరా, జరిగా." ఆవిడ లేచి గోడ వారకి వెళ్లి నిలబడింది. అతను మీట నొక్కాడు.

రీలు వెనక్కి చుడుతుంటే అప్పుడు తట్టింది. ఓరి దేవుడా! ఏ అక్క కోసం లెన్సు తెచ్చాడో, ఆ అక్కనే పక్కకి జరగమన్నాడు. కొత్త రీలు కొనుక్కొచ్చేసరికి బొత్తాల కొట్టాయన పంపిన బండి వచ్చింది, మిషను ఎక్కించేశారు. సాయంత్రానికి మూల ఖాళీ. ఆ వైపు చూసే ధైర్యం చాలక అతను గోడకి తిరిగి పడుకున్నాడు.

మర్నాడు స్టూడియో చీకటిగదిలో ఆ ఫోటో కడగడానికి చేతులు రాలేదు. తీరా కడిగితే, కాగితం మీద ముందు మంచం తేలింది, తర్వాత పిల్లలు, ఆ తర్వాత కుట్టుమిషను. దానికి అవతల, సరిగ్గా అంచున, నిలువెత్తు అక్క. తను పడనని నమ్మిన మనిషి, జుట్టు చెవి వెనక్కి తోసుకుని, చేతులు కట్టుకుని, సూటిగా కెమెరాలోకి చూస్తూ ఇంత మొహం చేసుకుని నవ్వుతోంది. అతను తడి ఫోటోని గుండెకి హత్తుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆరీ ఆరకముందే బొత్తాల కొట్టుకి పరిగెత్తాడు. అక్క ఫోటో చూసి, "అయ్యో, నేనూ పడ్డానేంట్రా!" అని నోటి మీద చెయ్యి వేసుకుంది.

"పడవనే కదా పక్కకి జరిగావు. మరి నవ్వావేంటక్కా?"

"బాగుంది! ఫోటో తీస్తుంటే నవ్వరా?"

అతను ఫోటోలోని ఆ నవ్వు వంక మళ్లీ చూశాడు. "అంటే... ఇన్నేళ్లూ?"

అక్క తల దించుకుని ఫోటో మీది నీటిచుక్క వేలితో తుడిచింది. "నువ్వు తీసినప్పుడల్లా నవ్వాన్రా" అంది.