మా నాన్న రాయి, మా బావ మిషను

మొన్న నందిగాంలో పెళ్లికి వెళ్తుంటే, కారు నడుపుతున్న మా కోడలు ఫోను ఎదురుగా పెట్టుకుని, అది చెప్పిన మలుపల్లా తిరుగుతూ పూండి దాటించింది. నేను నలభయ్యేళ్లు తిరిగిన దారి అది. "ఎడం పక్కకి తిప్పమ్మా" అని నేనంటే, "ఉండండి మావయ్యా, ఇది సెప్తాది" అంది. నవ్వి ఊరుకున్నాను గాని, లోపల పాత ముల్లొకటి కదిలింది. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలను చూసి కుళ్లుకున్న మనిషి మా ఉద్దానంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. నిజానికి కుళ్లు వాటి మీద కాదు, మా బావ మీద.

మాది వజ్రపుకొత్తూరు దగ్గర చేపల వేటకెళ్లే ఊరు. తీరానికి చాలా దూరంలో, నీళ్ల అడుగున మా నాన్నకు మాత్రమే తెలిసిన రాతి దిబ్బ ఒకటి ఉండేది. 'ముసిలోడి రాయి' అని ఊరంతా అనేవారేగాని, ఎక్కడుందో ఎవరికీ తెలీదు. పడవలోంచి ఒడ్డు వైపు చూస్తే, తుఫాను షెల్టరు తెల్లగోడ మహేంద్రగిరి కొండ భుజం కిందికి రావాలి, సరుగుడు తోట కొస ఒంటి తాటిచెట్టును తాకాలి. ఆ రెండు గురుతులూ కలిసిన చోట గాలం వేస్తే ఉత్త చేతుల్తో రావడమనేది లేదు. ఆ గురుతులు నాకు నేర్పడానికి మా నాన్నకు నాలుగేళ్లు పట్టింది. ఆ నాలుగేళ్లలో తిట్లకు లోటు లేదు, "బాగుందిరా" అన్న మాట మాత్రం ఒక్కనాడూ వినలేదు. అయినా నాకు గర్వమే. ఆ రాయి నాది, నా ఒక్కడిదే.

తొంభైల చివర్లో మా నాన్న చూపు మసకబారింది. కొండ కనబడని మనిషికి గురుతులేం పనికొస్తాయి? సరిగ్గా అప్పుడే మా అప్ప భర్త, అంటే మా బావ, విశాఖపట్నం బోట్లలో పని మానుకుని మా ఊరికే వచ్చి స్థిరపడ్డాడు. వస్తూ వస్తూ సబ్బుపెట్టెంత మిషనొకటి తెచ్చాడు. భూమికి ఇరవై వేల కిలోమీటర్ల పైన తిరిగే ఉపగ్రహాలను అది పట్టుకుంటుందట. నాలుగు దొరికితే మనం ఎక్కడున్నామో అంకెల్లో చెబుతుందట. సాయంత్రం పూట బావ ఇసకలో కూర్చుని దాన్ని ఆకాశం వైపు పట్టేవాడు. తెర మీద ఒక్కో ఉపగ్రహానికీ ఒక్కో గీత మెల్లగా లేచేది. పక్కనే మా నాన్న చతికిలబడి, కనబడని కళ్లు ఆ తెరకు ఆనించి, "నాలుగోది దొరికిందేటి అల్లుడూ?" అని పసివాడిలా అడిగేవాడు. "ఇదిగో, వచ్చీసింది మావా" అనగానే ఆయన మొహం వెలిగిపోయేది. నేను మోసుకొచ్చిన ఏ చేపల గంపకూ ఆ మొహం అలా వెలగలేదు. వల బాగుచేస్తున్నట్టు నటిస్తూ, ఆ నాలుగోది సముద్రంలో పడిపోతే బాగుణ్ణని కోరుకునేవాణ్ణి.

ఒకరోజు నాన్న నన్ను పిలిచి, "అల్లుడికి రాయి సూపించు. ఆ మిషన్లో దాచుకుంటాడు. నాను పోయినా అది ఉంటాది" అన్నాడు. ఆ మాట నా గుండెలో దిగింది. మరి నేనెందుకున్నట్టు? తెల్లారి బావను పడవెక్కించుకుని వెళ్లాను. రాయి ఇంకా పావుగంట దూరం ఉందనగా ఇంజను ఆపి, "ఇదే బావా" అన్నాను. ఆయన నమ్మకంగా బటను నొక్కి ఆ చోటు దాచుకున్నాడు.

తర్వాత బావ ఎన్నిసార్లు అక్కడికి వెళ్లినా గాలానికి బురదే. ఊళ్లో జనం ఆ మిషన్ని ఆటబొమ్మ అని నవ్వారు. నేను వాళ్లకంటే గట్టిగా నవ్వాను. "ఇది కాస్త అటూ ఇటూ సెప్తాది" అని బావ సర్దుకునేవాడు. నిజంగానే అప్పట్లో, ఆ ఉపగ్రహాలను పంపిన దేశంవాళ్లు, పరాయివాళ్లకు మరీ కచ్చితంగా తెలియకూడదని, కావాలనే కొంత తప్పు కలిపేవారట. నా తప్పు దాని చాటున హాయిగా దాక్కుంది.

రెండువేల సంవత్సరం వేసవిలో వాళ్లు ఆ తప్పు కలపడం మానేశారు. ఒడ్డున ఒకచోటే ఉంచినా ఊగిసలాడే అంకెలు ఉన్నట్టుండి కుదురుకున్నాయి. బావ పరుగున వచ్చి చెబితే, "అయితే నన్నూ తీసుకెళ్లండి" అని నాన్న పట్టుబట్టాడు. ముగ్గురం బయల్దేరాం. మిషను చెప్పిన చోట ఆగగానే, నాన్న, అడుగు మట్టి అంటుకొచ్చేలా కింద సబ్బు అద్దిన సీసపు గుండును తాడుతో నీళ్లలోకి వదిలాడు. పైకి లాగి, దానికంటిన మట్టిని వేళ్లతో నలిపి వాసన చూశాడు.

"ఇది ఒట్టి బురద. నా రాయి కాదు. ఈ సోటేనేట్రా నువ్వు సూపించింది?"

బావ నా వైపు చూశాడు. ఆ చూపులోనే తెలిసింది, ఆయనకంతా అర్థమైపోయిందని. నేను తల దించుకున్నాను.

"నాదే తప్పు మావా. బావమరిది సెప్పకముందే తొందరపడి బటను నొక్కీసాను" అన్నాడు బావ.

నేను ఇంజను తాడు లాగి, చుక్కాని తిప్పాను. పావుగంటకు తెల్లగోడ కొండ భుజం కిందికి వచ్చింది, తోట కొస తాటిచెట్టును తాకింది. నాన్న మళ్లీ గుండు వదిలాడు. అది రాతిని తాకిన అదురు తాడు వెంట పైకొచ్చి ఆయన చేతుల్ని కదిలించింది. "ఇక్కడ నొక్కు బావా" అన్నాను. బటను నొక్కిన ఆ చిన్న చప్పుడుకు నా వారసత్వం మొత్తం ఆ సబ్బుపెట్టెలోకి వెళ్లిపోయింది.

ఆ రోజుతో అసూయ పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. పెరిగింది. అంతకుముందు మిషను ఉన్నందుకు కుళ్లుకున్నాను. తర్వాత, నేను చేసిన పనిని అంత సులువుగా తన మీద వేసుకోగల మనసు ఆయనకుందని కుళ్లుకున్నాను. బావ ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. మా అప్పకైనా చెప్పాడో లేదో తెలీదు. ఆ సాయంత్రం ఒడ్డున దిగుతూ నాన్న మాత్రం నా భుజం పట్టుకుని, "కళ్లు పోనాయి గానీ, పావుగంట ఇంజను సప్పుడు వినబడదేట్రా నాకు?" అన్నాడు. ఆ చెయ్యి ఇల్లు చేరేదాకా నా భుజం మీద నుంచి తియ్యలేదు.

ఆ తర్వాత ఆయన ఆరేళ్లు బతికాడు. అడగడానికి ఆయనకూ, ఒప్పుకోవడానికి నాకూ ఇంకా బోలెడు కాలం ఉందనుకుంటూనే, ఆ ఆరేళ్లూ ఒకే అరుగు మీద కూర్చుని గడిపేశాం.