పీఆర్ వచ్చిందా?

కెనడాలో, బ్రాంప్టన్‌లోని చెల్లెలింటికి వెళ్ళిన వారానికే నాకో అలవాటు అంటుకుంది. అక్కడ మనవాళ్ళు ఎవరు కలిసినా ముందు "పీఆర్ వచ్చిందా?" అంటారు, అంటే ఆ దేశంలో శాశ్వతంగా ఉండిపోయే అనుమతి వచ్చిందా అని. సిటీ బస్సులో పక్కన కూర్చున్న నల్లజాతి పెద్దావిడనీ అదే అడిగేశాను.

ఆవిడ పకపకా నవ్వి, పదేళ్ళ మనవరాలితో "నువ్వు చెప్పవే" అంది.

"మావాళ్ళొచ్చేటప్పటికి కెనడా అనే దేశమే లేదండీ."

నేనూరుకుంటానా? "అయితే అమెరికాలో బానిసత్వం తప్పించుకొచ్చారన్నమాట. ఇక్కడ అలాంటివి లేవుగా?"

"ఎందుకు లేవు? ఇక్కడా మనుషుల్ని కొన్నారు, అమ్మారు. రేపు క్లాసులో చెప్పబోయేది అదే."

"ఇంకా గట్టిగా వాదించండి," అంది పెద్దావిడ. "పోయినేడు క్లాసులో పిల్లలు "మేం నమ్మం" అంటే దీనికి నోరు పెగల్లేదు. ఏడుస్తూ ఇంటికొచ్చింది."

నన్ను వాదించమని అడిగిన మనిషి ఈ భూమ్మీద ఆవిడొక్కతే! రెచ్చిపోయాను. రుజువేదన్నాను. ఆ పిల్ల తన ముత్తవ్వల పేర్లు, ఊళ్ళు గడగడా చెప్పింది.

"సరే, ఈ పాత సంగతులు చిన్నపిల్లలకెందుకు?"

"మీకు చిన్నప్పుడు ఎవరూ చెప్పలేదు కాబట్టే మా అమ్మమ్మని పీఆర్ అడిగారు!"

బస్సంతా నవ్వింది, అందరికన్నా గట్టిగా నేను. అప్పటికే నా స్టాపు దాటిపోయింది. ఇంకో ప్రశ్న తట్టడంతో తర్వాతి స్టాపులోనూ దిగలేదు.