ఎల్బీనగర్ చౌరస్తాలో దొరికిన రబ్బరు రింగు

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. ఆర్టీసీ బస్సులు డిపోలు దాటడం లేదు. రెండు రోజుల్లో మా ఆవిడ సుజాతకు ఇబ్రహీంపట్నంలో టీచరు ఉద్యోగానికి పరీక్ష. వాయిదా పడుతుందేమోనని ఎదురుచూశాం, పడలేదు. వయసు లెక్కన ఆమెకు అదే ఆఖరి అవకాశం. ఆ రోజు ఆటోలు కూడా బంద్ అన్నారు. ఇక మిగిలింది మన్సూరాబాద్‌లో మా ఇంటి ముందున్న పాత వంద సీసీ బండి ఒక్కటే. దానికి సరిగ్గా అప్పుడే రోగం పట్టుకుంది. స్టార్ట్ చేస్తే ఊరికే గోల పెట్టి, గేరు వేయగానే ఆగిపోతోంది. కార్బురేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య ఉండే రబ్బరు రింగు పాడైతే సందులోంచి గాలి పీల్చుకుని ఇలాగే చేస్తుంది. మా మెకానిక్ ఊరెళ్ళాడు. అందుకని నేనే విప్పాను. నాకు పనితనం తక్కువ, శుభ్రం ఎక్కువ. పాత రింగుకున్న జిడ్డు వదలాలని గిన్నెలో పెట్రోలు పోసి రాత్రంతా అందులోనే ఉంచాను. "అది పోపు గిన్నెండీ!" అని సుజాత అరిచేసరికి ఆలస్యమైపోయింది.

పొద్దున ఎనిమిదింటికి ఆ తడి రింగునే పాలిథిన్ కవర్లో చుట్టుకుని షేర్ ఆటో ఎక్కాను. ఎల్బీనగర్‌కు మామూలుగా ఐదు రూపాయలు, బస్సుల్లేవు గనక పది. "ఎక్కు సార్, జర సేపైతే గిది గూడ ఉండది" అన్నాడు డ్రైవరు. చౌరస్తా దగ్గర స్పేర్ పార్టుల షాపు సత్తయ్యది. నల్గొండ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. మధ్యాహ్నం చౌరస్తాలో వంటావార్పు ఉందట. అంటే నడిరోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండుకుని, అక్కడే తింటూ చేసే నిరసన. దానికోసం షాపు కట్టేసే తొందరలో ఉన్నాడు. నా బండి పేరు విని ఒక కొత్త రింగు తీశాడు. పాతదాని పక్కన పెట్టి చూస్తే మా ఇద్దరికీ తేడా కనిపించింది.

"జర చిన్నగున్నది గదా సార్. నీ బండికి వేరే సైజేమో. దిల్‌సుఖ్‌నగర్ల జూడు" అంటూ షట్టర్ దించేశాడు. నేను ఊరికే తలూపి బయటపడ్డాను. నోరు తెరిస్తే చాలు, మాది కృష్ణా జిల్లా అని పట్టేస్తారు. ఆ రోజుల్లో అదొక భయం నాకు. నన్నెవరూ ఏమీ అన్నది లేదు, అయినా భయమే.

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల పిల్లలు పుస్తకాలు పట్టుకుని, క్లాసు ఉందో లేదో తెలియక మెట్ల మీద కూర్చున్నారు. మెయిన్ రోడ్డు వెనక సందులో పార్టుల షాపులు సగం షట్టర్ వేసి నడుస్తున్నాయి. రెండు మూడు తిరిగాక ఒకచోట పాతదానికి సరిగ్గా సరిపోయే రింగు దొరికింది. "ఇదిగోండి, అచ్చు గుద్దినట్టుంది" అన్నాడు షాపాయన. పదిహేను రూపాయలు. ప్రాణం లేచొచ్చింది. చినిగిన కవరు అక్కడే పడేసి, పాతదీ కొత్తదీ కలిపి జేబురుమాల్లో కట్టుకున్నాను. బయటికొచ్చి చూస్తే ఒక్క ఆటో లేదు. చైతన్యపురి మీదుగా ఎల్బీనగర్ దాకా నిండు ఎండలో నడకే.

చౌరస్తా నిండా పొగ, మసాలా వాసన. పెద్ద గుండిగల్లో బగారన్నం ఉడుకుతోంది. తప్పుకుపోదామనుకునేలోపే గరిటె పట్టుకున్న సత్తయ్య చూశాడు.

"ఏంది సార్, దొరికిందా?"

"దొరికిందండి."

"మీది ఆంధ్రనా?"

"అవునండి, కృష్ణా జిల్లా."

"అయితే ఏంది, ఆకలైతలేదా? కూసో, తిను. గా రింగు ఎట్లున్నదో జూపియ్."

జేబురుమాలు విప్పాను. సరిపోయిందని కొన్న కొత్త రింగు ఇప్పుడు పాతదానికన్నా పెద్దగా ఉంది! సత్తయ్య రెండింటినీ తిప్పి తిప్పి చూశాడు.

"పొద్దుగాల గీ పాతది పెద్దగుండె గదా. ఏం జేసినవ్ దీన్ని?"

"ఏమీ చేయలేదండి. మురికి పోతుందని రాత్రంతా పెట్రోల్లో ఉంచాను, అంతే."

"శనగలు నానవెట్టినట్టు రబ్బర్ నానవెట్టినవా? ఉబ్బదా మల్ల!" అని పగలబడి నవ్వాడు. "నేను గూడ పరేషాన్ల గుర్తువట్టలే. ఎండకు మల్ల గుంజుకున్నది. నీకు పొద్దుగాల నేను జూపిచ్చిందే కరెక్టు."

"షాపు ఒక్క నిమిషం తెరుస్తారా?"

"తెరువ. బంద్ అంటే బంద్."

రేపటి పరీక్ష గురించి, ఆఖరి అవకాశం గురించి చెప్పాను. సత్తయ్య ఏదో గుర్తొచ్చినట్టు చొక్కా జేబు తడుముకున్నాడు. పొద్దున నాకు చూపించిన రింగును తొందరలో జేబులోనే వేసుకున్నాడట.

"ఎంతండి?"

"బంద్ నాడు అమ్మ. ఊకెనే ఇస్తున్న. గానీ గా గరిటె వట్టుకొని ఆ లైన్‌కు వడ్డియ్."

అలా నేను నడిరోడ్డు మీద బగారన్నం వడ్డించాను. "ఇంకాస్త వేయమంటారా అండి?" అని నేను అడిగిన ప్రతిసారీ నవ్వులే. సాయంత్రానికి రింగు గాడిలో బుద్ధిగా కూర్చుంది, బండి గోల మానేసింది. మర్నాడు సాగర్ రింగ్ రోడ్డు దాటి వెళ్తుంటే తుర్కయాంజాల్ దగ్గర ఉద్యమకారులు రోడ్డుకు అడ్డంగా తాడు కట్టారు. సుజాత హాల్ టికెట్ చూపించగానే తాడు కిందికి దిగింది. "మంచిగ రాయక్కా!" అన్నారు. ఆమె మంచిగానే రాసింది. ఉద్యోగం వచ్చింది.

ఆ వార్తతో పాటు రింగు డబ్బులు కూడా ఇద్దామని సత్తయ్య దగ్గరికి వెళ్ళాను. స్వీటు తీసుకున్నాడు, డబ్బు ముట్టలేదు. "ఇప్పుడు పైసలు దీస్కుంటే బంద్ నాడు అమ్మినట్టే గద సార్" అన్నాడు. ఆ చౌరస్తాలో ఇప్పటికీ ఏ పని మీద దిగినా నాకు పరాయి చోటు అనిపించదు. ఆ భయం ఆ మధ్యాహ్నమే పోయింది.

పాత బండికి రింగు వెతుకుతూ ఇటు వచ్చేవాళ్ళకు ఒక్క సలహా. ఇప్పుడు మెట్రో ఉంది, తిరగడం తేలికే. పాత రింగును నమ్ముకోకండి, రింగు కూర్చునే గాడి ఉన్న ముక్కనే విప్పి తీసుకెళ్ళి, షాపులోనే పెట్టి చూసుకోండి. రింగును పెట్రోల్లో మాత్రం నానబెట్టకండి. సుజాత మొదటి జీతంతో కొన్నది కొత్త పోపు గిన్నె. పాతది నా చేతికిచ్చి, "ఇక ఇది మీ బండికి" అంది.