తమ్ముడి దగ్గర లాక్కున్న ప్రాణం

ఆ రోజుల్లో ఆటల్లో ప్రాణాలు లెక్కపెట్టి ఇచ్చేవాళ్లు, మనిషికి మూడు. ఇప్పుడు ఫోన్లో అరగంట ఊరికే కూర్చుంటే ఒక ప్రాణం దానంతట అదే వచ్చేస్తుంది. ఇలాంటి ఆటలతో పెరిగేవాళ్లకి పోయింది మళ్లీ రాదని ఎవరు చెప్పాలి? (నేను చెప్పబోతే మా ఇంట్లో "మొదలుపెట్టింది" అని తలా ఒక ఇయర్‌ఫోన్ తగిలించుకుంటారు.)

చిత్తూరులో మా ఇంటికి టీవీకి తగిలించే ఆటల పెట్టె వచ్చినప్పుడు నాది తొమ్మిదో తరగతి, తమ్ముడిది ఆరు. తుపాకులు పట్టుకున్న ఇద్దరు బొమ్మ మనుషులు. నీలం నిక్కరు నాది, ఎర్ర నిక్కరు వాడిది. అందులో ఒక వెసులుబాటు ఉండేది: మన ప్రాణాలు అయిపోతే ఒక మీట నొక్కి పక్కవాడి ప్రాణం ఒకటి తీసుకోవచ్చు. అడగక్కర్లేదు. నేనెప్పుడూ అడగలేదు కూడా. ఆయుధపూజ రోజు అమ్మ కత్తిపీటకీ నాయన స్కూటరుకీ పెట్టినట్టే ఆ పెట్టెకీ, రెండు రిమోట్లకీ పసుపు కుంకుమ పెట్టి, "ఈ పొద్దు దాన్ని ఎవురూ ముట్టుకోబాకండి, దానికీ సెలవే" అని గుడికి పోయింది. అమ్మ గేటు దాటిందో లేదో మేం కూర్చున్నాం. ఆ రోజే మొదటిసారి ఆఖరి కోట దాకా వచ్చాం. నా మూడూ అయిపోయాయి. వాడికి ఆడుతున్నది కాక ఇంకొకటి మిగిలింది. "అక్కా, నాది తీసుకోవద్దే" అని వాడు అంటుండగానే మీట నొక్కాను. నిమిషానికల్లా వాడి బొమ్మ పడిపోయింది, మళ్లీ లేవలేదు. కోట నేనొక్కదాన్నే కూల్చాను. వాడు ఏడుస్తూ పోయి నాయనకు చెప్పాడు. నాయన మా ఇద్దరి చేతులూ తిప్పి, బొటనవేళ్ల కుంకుమ చూసి, "పూజ సేసింది మీ అమ్మా, మీరా?" అని దెబ్బలు చెరిసగం వడ్డించాడు.

నాలుగేళ్ల కిందట మా చిన్నాన్న కూతురు ఫ్యామిలీ గ్రూపులో ఆ పెట్టెతో మేమిద్దరం దిగిన ఫోటో పెట్టింది. తమ్ముడు దాని కింద "ఆ కోట కూల్చింది నేనే" అని నవ్వు బొమ్మలు పెట్టాడు. ఇంకెవరైనా ఊరుకునేవాళ్లు. "నువ్వు చచ్చి పక్కన కూర్చున్నావు. చిన్నప్పట్నుంచీ నీది ఏదీ కడదాకా రాలేదు" అని రాశాను, నలభై మంది బంధువుల ముందు. ఆ నెలలోనే వాడు సెల్‌ఫోన్ రిపేరు షాపు మూసేశాడు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే రాశాను. వాడు గ్రూపు నుంచి వెళ్లిపోయినట్టు చిన్న అక్షరాల్లో ఒక వరుస వచ్చింది. వాడుండే చిత్తూరుకీ నేనుండే తిరుపతికీ మధ్య రెండు గంటల దారి; నాలుగేళ్లుగా ఇద్దరం దాటలేదు.

రెండేళ్ల కిందట, మిఠాయిలు జత చేసే ఫోన్ ఆటలో (ఈ వయసులో మిఠాయిలేంటని అడక్కండి) వాడి పేరు మీద కబురొచ్చింది: "ఒక ప్రాణం పంపండి." పంపాను. అప్పట్నుంచీ వాడు రోజూ అడగడం, నేను రోజూ పంపడం. మాటల్లేవు. వాదించడానికి చోటు లేని బంధుత్వం నాకదే మొదటిది, బాగానే సాగింది. నన్ను క్షమించాడనే అనుకున్నాను. పోయిన వారం ఐదు రోజులు కబురు లేదు. ఆరో రోజు భయమేసి వాడికి ఫోన్ చేశాను. మరదలు ఎత్తింది.

"బాగుండారా వదినా? ఫోన్ కిందపడి పగిలింది, ఇప్పుడే బాగు చేసిచ్చినారు."

"వాడు ఆట ఆడట్లేదేమా అని..."

"ఆయనా? ఆయన యాడ ఆడతారు వదినా? ఆయన పాత ఫోన్లో నేనే ఆడేది. మీరు పంపే ప్రాణాల్తోనే ఇంత దూరం వచ్చినా."

"నేను పంపేది వాడికి తెలుసా?"

మరదలు పంపు కట్టేసింది. "చెప్పినా వదినా. 'మా అక్క ఇచ్చేది గూడా ఉండాదా' అన్నారు."

"ఈడనే ఉండారు, ఇస్తా ఉండండి" అంది మరదలు. ఫోన్ చేతులు మారిన చప్పుడు విని, ఊపిరి కూడా వినబడిందనుకుని, "కోట కూల్చింది నువ్వే లేరా" అన్నాను. జవాబు మరదలిదే: "చెప్పులేసుకోని బయటికి పోయినారు వదినా."

సాయంత్రం వాడి పేరు మీద మళ్లీ కబురొచ్చింది, ఒక ప్రాణం కావాలని. అడిగేది ఎవరో తెలిసే పంపాను. పంపాక బొటనవేలు ఒకసారి తిప్పి చూసుకున్నాను. యాభైకి దగ్గరపడ్డ మనిషిని, కుంకుమ అంటిందేమోనని వెతుక్కుంటున్నందుకు నాకే నవ్వొచ్చింది.