ఓబులేసు తాగని నీళ్ళు

2023 మే నెల. నంద్యాలలో ఒక చిన్న కంటి ఆసుపత్రి. ఆప్టోమెట్రిస్టుగా, అంటే డాక్టరు చూడకముందు కంటి పరీక్షలన్నీ చేసే పనిలో, నాకది పదకొండో ఏడు. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఓబులేసు ఆళ్ళగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే మనిషి. ఆయనకు గ్లాకోమా. కంట్లో ఒత్తిడి పెరిగి చూపు నరం దెబ్బతినే జబ్బది. చుక్కల మందుతో ఒత్తిడి అదుపులోకొచ్చింది. ఆ నంబరు చూసి అందరం భేష్ అనుకున్నాం. కానీ ఫీల్డ్ టెస్టులో, అంటే చూపు పక్కలకు ఎంత అందుతోందో కొలిచే పరీక్షలో, వరసగా మూడోసారీ చూపు కుంచించుకుపోయింది.

"చుక్కలు ఎగ్గొడుతున్నావు కదన్నా? ఇక్కడికొచ్చే ముందు రెండ్రోజులు వేసుకుంటే మాకు తెలీదనుకున్నావా?" అని నలుగురిలో కడిగేశాను.

ఆయన భార్య సుబ్బలక్ష్మి భగ్గుమంది. "ఏందమ్మా ఆ మాట? పొద్దున, రాత్రి నా చేత్తోనే ఏస్తాండా. ఒక్క పూటన్నా మానింటే నా కండ్లు పోనీ!"

మరి చూపెందుకు తగ్గుతోందో తేల్చడానికి డాక్టరుగారు రక్తపరీక్ష రాశారు. ల్యాబులో రక్తం తీసే రహీమన్న కాగితం పట్టుకుని తనే వచ్చాడు. "హెమటోక్రిట్ చూడు మేడమ్. రక్తం సూదిలోకి ఎక్కడానికే మొరాయించింది. ఈయప్ప నీళ్ళు తాగుతాండాడా లేదా?" హెమటోక్రిట్ అంటే రక్తంలో ఎర్రకణాల వాటా. అది పెరిగితే రక్తం చిక్కబడుతుంది.

ఓబులేసును అడిగాను. ఆయన నా మొహంలోకే చూశాడు.

"మీరే గదమ్మా చెప్పింది, నీళ్ళు తాగితే కంట్లో ఒత్తిడి పెరుగుతాదని? పొద్దున గ్లాసు, రాత్రి గ్లాసు. నాలుక పిడచగట్టుకపోయినా ఓర్చుకుంటాండా."

చెంబెడు నీళ్ళు ఒక్కసారే గటగటా తాగొద్దు, రోజంతా కొద్దికొద్దిగా తాగాలి అన్నది సలహా. ఆయన వైద్యం మొదలైన కొత్తలో, బయట జనం ఎక్కువున్న ఒక రోజు, నేను మొదటి సగమే చెప్పి పంపేశాను. ఆయన పనిచేసే రేకుల షెడ్డు, రాతి దుమ్ము, ఆ మాడే ఎండ, రెండు గ్లాసుల నీళ్ళు! చిక్కబడిన రక్తం కంటి నరానికి పోయే సన్నని నాళాల్లో సరిగా పారదని, ముందే దెబ్బతిన్న నరానికి అది ఇంకో దెబ్బ అయ్యుండొచ్చని డాక్టరుగారు విడమరిచి చెప్పారు. చుక్కలు మానొద్దని, నీళ్ళు తాగమని పంపారు.

రెండు నెలలకు రక్తం పలచబడింది. తర్వాతి ఫీల్డ్ టెస్టుల్లో చూపు తగ్గడం ఆగింది.

"పోయింది మళ్ళొస్తాదా?" అన్నాడు ఓబులేసు.

"రాదన్నా. నేను నిన్ను అనకూడని మాట అన్నాను. తప్పు నాది."

"ఇన్నిసార్లు ఆ మిషన్లో తల పెట్టిస్తిరి. ఏం తాగుతాండావని ఒక్కరన్నా అడిగింటే?"

నంబరు బాగుంటే చాలు, మనిషి సంగతి ఎవరిక్కావాలి అన్నట్టే నడిచాం. పోయిన చూపుకు ఏ క్షమాపణా సరిపోదు. ఇప్పుడు ఎవరికేం చెప్పినా, దాన్ని నాకే తిరిగి చెప్పించుకున్నాక గానీ కుర్చీలోంచి లేవనివ్వను. వెనకున్నవాళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనీ.