పాకంలో పడిన గోధుమలు

ఆ రోజుల్లో మా ఇంట్లో బి.ఎస్సీ. చదివినవాణ్ణి నేనొక్కడినే కనుక, నాకు తెలియనిది ఉండదని ఇంటిల్లిపాదీ నమ్మేవారు. ఆ నమ్మకాన్ని నిలబెట్టడమే నా ప్రధాన ఉద్యోగం. అసలు ఉద్యోగం చోడవరంలో వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరు, అదీ తాత్కాలికం. గోధుమ ఎరుగని మా చెరకు నేలలో, రసాయన ఎరువు లేకుండా, వేళ్ళకు మేలుచేసే సూక్ష్మజీవుల పొడితో గోధుమ బలంగా పెరుగుతుందేమో చూడమని పైఅధికారి ఒక పొట్లమూ, రెండు శేర్ల విత్తనమూ పంపారు. పొడి పట్టించిన మడి ఒకటి, పట్టించనిది ఒకటి. పదిహేనో రోజున స్వయంగా వచ్చి చూస్తారు. నన్ను ఉంచడమో, ఇంటికి పంపడమో ఆ తరువాత.

విత్తనానికి పొడి అంటుకోవాలంటే బెల్లం నీళ్ళు కావాలి. తరతరాల బెల్లం వంటలో ఆరితేరిన పెదనాన్నకు ఆ పని అప్పగించి, సూక్ష్మజీవుల గురించి అరగంట ఉపన్యసించి (శ్రోతల్లో రెండు ఎడ్లు కూడా ఉన్నాయి), మడులు కొలవడానికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి బెల్లం వండే పెనంలో పాకం కుతకుతలాడుతోంది. అందులో పొడీ, ఒక మడికి సరిపడా గోధుమలూ.

“నీళ్ళబెల్లం ఏటి అంటుకుంటాదిరా? ఉండపాకం పట్టేను. ఇక ఊడమన్నా ఊడదు.”

“అందులో ప్రాణమున్న జీవులున్నాయి పెదనాన్నా.”

ఆయన గరిటె ఆపి పెనంలోకి చూశారు. “ఉండీవి,” అన్నారు.

వేరే పొట్లం లేదు. ఆ ఉండలనే చిదిపి విత్తాం. పదో రోజుకు మామూలు మడి పచ్చబడింది. నా శాస్త్రీయ మడిలో చీమలు బారులు తీరాయి. “అటు మొక్కలు పీకి ఇటు నాటేద్దుం. వరి నాటమేటి?” అన్నారు పెదనాన్న. నేను ఒప్పుకోలేదు, కాని (నిజం చెప్పాలి) వంగి ఒక మొక్కను పట్టుకుని చూశాను.

అధికారి వచ్చి, సంగతి విని, నా వైపు తిరిగారు. “చల్లార్చి కలపమని చెప్పలేదా?”

నా ఉపన్యాసమంతా ఒక్కసారిగా గుర్తుకొచ్చింది. అందులో ఆ మాట లేదు. నేను నోరు తెరిచేలోగా పెదనాన్న ముందుకు వచ్చారు. “సెప్పేడు బాబూ, రెండుపాల్లు సెప్పేడు. నాకే ఓ సెవి ఇనపడదు.”

అధికారి మట్టిలోంచి ఒక ఉండ తీసి వాసన చూసి, నవ్వాపుకుని, “ఇంకో పొట్లం పంపుతాను,” అన్నారు.

జీపు వెళ్ళాక పెదనాన్న మెల్లగా అడిగారు. “సల్లార్సమని సెప్పేవేటిరా?”

“లేదు పెదనాన్నా.”

“తెలుసు. ఈపాలి సెప్పు.”

తరువాత ముప్ఫై ఏళ్ళు, ఏ రైతు ఎదురైనా నమస్కారం కంటే ముందు ‘చల్లార్చండి’ అనేవాణ్ణి. ఇప్పుడు కాఫీ అందించినవారితోనూ అంటున్నానని ఇంట్లో నవ్వుతారు. పెదనాన్నకు మాత్రం చివరిదాకా రెండు చెవులూ చక్కగా వినిపించాయి.